ఒక్క పేజీతో మొదలుపెట్టండి: తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ లిటరేచర్‌కి వచ్చినవాళ్లకు

డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచర్ తీసుకున్న తెలుగు మీడియం పిల్లలు కాలేజీ తెరిచిన కొత్తలో నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడమ్, వొకాబులరీకి ఏ బుక్ కొనమంటారు?" ఏదీ కొనొద్దంటాను. "మరి గ్రామర్‌కి?" అదీ ఇప్పుడే వద్దంటాను. మూడో ప్రశ్న కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "గైడ్ ఏది మంచిది?" దానికి మాత్రం జవాబు చెప్పను. నేను వద్దన్నా ఎలాగూ కొంటారు.

నేనూ ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెబుతున్నాను. లిటరేచర్‌కి ఒకటి, పదాలకు ఒకటి, రాయడానికి ఒకటి అని మూడు నోటుబుక్కులు పెట్టుకున్నవాళ్లు మూడింట్లోనూ వెనకబడటం ఏటా చూస్తుంటాను. ఒకే పేజీ తీసుకుని, దాన్నే పదే పదే చదివి, దాంట్లోంచే పదాలు ఏరుకుని, దాని మీదే ఒక పేరా రాసేవాళ్లు మెల్లగా మొదలుపెట్టినా నిలబడతారు. ఆ పని ఎలా చేయాలో ఒక పద్యాన్ని పట్టుకుని చెబుతాను.

ముందు ఒక లెక్క. ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రెండో భాషలో పదాలు ఎలా వంటపడతాయన్నది ఏళ్ల తరబడి పరిశోధించిన న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్. ఎవరి సాయమూ లేకుండా ఒక కథ చదివి అర్థం చేసుకోవాలంటే అందులో నూటికి 98 పదాలు మనకు ముందే తెలిసి ఉండాలని ఆయన పరిశోధనలు చెబుతాయి. అంటే యాభై పదాలకు ఒక్కటి మాత్రమే కొత్తది కావాలి. ఇంగ్లీష్ నవలలు ఆ స్థాయిలో చదవడానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. పద కుటుంబమంటే హెల్ప్, హెల్పింగ్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ అన్నీ కలిపి ఒకటిగా లెక్క. ఇంటర్ పాసై వచ్చిన తెలుగు మీడియం పిల్లల దగ్గర అన్ని ఉండవు. ఉండకపోవడం తెలివి తక్కువై కాదు, అన్ని పదాలు కంటపడే అవకాశం రాక.

ఇప్పుడు మీ సిలబస్‌లోని నవల ఏదైనా తెరిచి, సుమారు మూడు వందల పదాలుండే ఒక పేజీలో తెలియని పదాల కింద గీతలు గీయండి. ఆరు గీతలొస్తే ఆ పుస్తకం మీరు హాయిగా చదవగలరు. ముప్ఫై, నలభై వస్తే (చాలామందికి అంతే వస్తాయి) దాన్ని కథలా చదువుకుంటూ పోవాలనుకోవద్దు. అది క్లాసు పుస్తకం. రోజుకో పేజీ, పెన్సిల్‌తో, నెమ్మదిగా. హాయిగా చదువుకోవడానికి వేరే పుస్తకం పెట్టుకోండి: చిన్నపిల్లల కథలో, పెద్ద నవలల్ని తేలిక ఇంగ్లీష్‌లో కుదించి రాసినవో. హైదరాబాద్ వెళ్తే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడైతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇలాంటివి చవగ్గా దొరుకుతాయి. డిగ్రీ చదువుతూ బొమ్మల పుస్తకమేంటని సిగ్గుపడకండి. బస్సులో అయితే అట్టేసుకుని చదవండి, ఎవరూ చూడరు.

పద్యాన్ని మూడుసార్లు చదవడం

మొదటి పేజీకి చిన్న పద్యమైతే మంచిది. మొత్తం ఒక్క చోటే కంటికి కనబడుతుంది. చాలామంది స్కూల్లోనే చదివిన వర్డ్స్‌వర్త్ డాఫోడిల్స్ పద్యం తీసుకుందాం. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకుండా పైకి చదవండి. గది తలుపు వేసుకుని అయినా సరే, పైకే. ఇంగ్లీష్ ఛందస్సు మనలా గురులఘువుల లెక్క కాదు, ఏ అక్షరం మీద ఊనిక పడిందన్నది లెక్క. మనకు ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర వస్తే, వాళ్లకు పాదం చివర కలుస్తుంది. కంటితో చదివితే ఇవేవీ పట్టుబడవు. డాఫోడిల్ ఎలా ఉంటుందో ఫోన్‌లో ఒకసారి చూసేయండి, అర నిమిషం పని. మన తంగేడు గుట్టంతా పూసినప్పటి పసుపు తలుచుకుంటే చాలు, పద్యం మూడ్‌లోకి వచ్చేస్తారు.

రెండోసారి క్రియలు మాత్రమే చూడండి. పూల వర్ణన, పోలిక, అలంకారం అన్నీ పక్కన పెట్టేయండి. వాండర్డ్, సా, గేజ్డ్ ఇలా మొదటి మూడు స్టాంజాల్లో కథ నడిపే క్రియలన్నీ భూతకాలంలో ఉన్నాయి. చివరి స్టాంజాకి వచ్చేసరికి లై, ఫ్లాష్, ఫిల్స్, డాన్సెస్. అన్నీ వర్తమానం. మా క్లాసులో ఇది చెప్పకుండా "క్రియల కింద గీతలు గీయండి" అని మాత్రమే అంటాను. వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు "టెన్స్ మారింది మేడమ్" అంటారు. ఆ మాట అన్నవాళ్లకు తెలియకపోయినా, వాళ్ల ఎస్సే అక్కడే మొదలైంది.

మూడోసారి మొదటి పాదాన్ని, చివరి స్టాంజాని పక్కపక్కన పెట్టుకోండి. మొదటి పాదంలో "లోన్లీ". చివర్లో "సాలిట్యూడ్", దాని ముందు "బ్లిస్". ఒంటరిగా ఉన్నానని మొదలుపెట్టినవాడు ఆ ఒంటరితనమే ఆనందమంటూ ముగించాడు. మధ్యలో ఏం జరిగింది? ఈ ప్రశ్న వేసుకున్నాకే బయటి సమాచారం జోలికి వెళ్లండి, ముందు కాదు.

ఇప్పుడు వెళ్తే మంచి సరుకే దొరుకుతుంది. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలు చూసినప్పుడు వర్డ్స్‌వర్త్ ఒంటరిగా లేడు. చెల్లెలు డొరతీ పక్కనే ఉంది. ఆ పూలు ఊగడం, డాన్సు చేయడం, గాలితో కలిసి నవ్వినట్టుండటం ఆమె తన డైరీలో రాసుకుంది. ఈయన పద్యం రాసింది తర్వాత రెండేళ్లకు. 1807లో అచ్చయినప్పుడు మూడే స్టాంజాలు. నక్షత్రాల స్టాంజా 1815లో చేరింది. అప్పుడే "డాన్సింగ్ డాఫోడిల్స్" కాస్తా "గోల్డెన్" అయ్యాయి, "లాఫింగ్ కంపెనీ" కాస్తా "జోకండ్ కంపెనీ" అయింది. "ఇన్‌వర్డ్ ఐ" ఉన్న రెండు పాదాలు భార్య మేరీ ఇచ్చినవని వర్డ్స్‌వర్తే చెప్పాడు. మొత్తం మీద ఒంటరితనం గురించిన ఈ పద్యంలో ఇద్దరు ఆడవాళ్ల చెయ్యి ఉంది. మా అమ్మాయిలు ఇది విన్నాక పద్యాన్ని మళ్లీ చదువుతారు, ఈసారి కొంచెం కోపంగా. ఆ కోపంతో రాసిన పేరాలు సాధారణంగా బాగుంటాయి.

పదాలు ఏరుకోవడం

ఈ పద్యంలో కొత్త పదాలు పదిహేను దాకా ఉండొచ్చు. అన్నీ నేర్చుకోవాలన్న రూలేం లేదు. జోకండ్, స్ప్రైట్లీ లాంటివి అర్థమైతే చాలు, వాటిని మీ రాతలో వాడకండి. ఇవాళ ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లూ మామూలుగా వాడరు. గేజ్, వేకెంట్, పెన్సివ్, సాలిట్యూడ్ మీకు సొంతం కావాలి, ఇవి మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

ఇవి కాక ఇంకో రకం ఉంది. పిల్లలు మర్చిపోయేది దాన్నే: పద్యంలో లేని పదాలు, పద్యం గురించి మాట్లాడటానికి కావలసినవి. సజెస్ట్, కాంట్రాస్ట్, షిఫ్ట్, టోన్, ఇమేజ్, కన్వే, ఎంఫసైజ్. సిలబస్ మారినా, పద్యం మారినా ఇవి మారవు. మూడేళ్లూ ప్రతి పరీక్షలో పనికొస్తాయి. నా ఉద్దేశంలో మొదటి సెమిస్టర్‌లో కష్టపడాల్సింది వీటి కోసమే. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో యూనివర్సిటీ పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పద కుటుంబాలతో ఒక జాబితా తయారు చేసింది. అకడమిక్ వర్డ్ లిస్ట్ అని వెతికితే దొరుకుతుంది. అది పది భాగాలుగా ఉంటుంది, ఎక్కువసార్లు వచ్చేవి మొదటి భాగంలో. జాబితాని బట్టీ పట్టడానికి కాకుండా, మీరు చదివిన వ్యాసంలో ఎదురైన పదం అందులో ఉందో లేదో చూసుకోవడానికి వాడండి. ఉంటే నోటుబుక్‌లోకి, లేకపోతే వదిలేయడమే.

నోటుబుక్‌లో పదానికి ఎదురుగా అర్థం రాసి వదిలేయొద్దు. మీకు కనబడిన వాక్యం మొత్తం రాయండి. పక్కన ఆ పదం ఎవరితో తిరుగుతుందో రాయండి: కాంట్రాస్ట్ అయితే కాంట్రాస్ట్ బిట్వీన్, ఎంఫసిస్ అయితే ఎంఫసిస్ ఆన్. ఎంఫసైజ్ క్రియగా వచ్చినప్పుడు మాత్రం ఆన్ అక్కర్లేదు, ఇది చాలామందికి తట్టదు. తెలుగు అర్థం ఒక మూల రాసుకోండి, నేనేమీ అనను. కాకపోతే క్రియలకూ, భావాలకూ ఇంగ్లీష్-ఇంగ్లీష్ లెర్నర్స్ డిక్షనరీ తప్పనిసరి. లాంగ్‌మన్ వాళ్లది నెట్‌లో ఉచితం. దాంట్లో అర్థాలన్నీ సుమారు రెండు వేల తేలిక పదాలతోనే చెబుతారు, కాబట్టి ఒక అర్థం కోసం వెళ్లి ఇంకో పదం దగ్గర ఇరుక్కునే బాధ ఉండదు. ప్రతి అర్థం కింద ఉదాహరణ వాక్యాలు ఉంటాయి. నన్ను అడిగితే అర్థం కన్నా అవే ముఖ్యం.

రోజుకు నాలుగు పదాలు మించొద్దు. మరుసటి రోజు, వారం తర్వాత, నెల తర్వాత పదం మూసి వాక్యం గుర్తు చేసుకోండి. యాంకీ లాంటి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది. యాప్ వద్దనుకుంటే మా అమ్మాయిలు చేసే పని చేయండి: ఆర్టీసీ బస్సులో ఇచ్చే జీరో టికెట్ వెనక ఆ రోజు పదాలు రాసుకుని ఊరొచ్చేదాకా చూసుకుంటారు. నోటుబుక్ ఎక్కడైనా పోవచ్చు గానీ చెకింగ్ భయానికి టికెట్ మాత్రం దిగేదాకా చేతిలోనే ఉంటుంది.

పేరా రాయడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, మార్కులు పోయేది ఇక్కడే.

పది పేపర్లు దిద్దితే ఎనిమిదింట్లో జవాబు ఇలా మొదలవుతుంది: విలియం వర్డ్స్‌వర్త్ 1770లో కాకర్‌మౌత్‌లో పుట్టాడు. తర్వాత ఆయన చదువు, ఫ్రాన్స్ ప్రయాణం, 1843లో పొయెట్ లారియేట్ (ఆస్థాన కవి) కావడం. అప్పటికి పేజీన్నర అయిపోతుంది. ఆ తర్వాత పద్యం కథ. చివర "ఇది చాలా అందమైన పద్యం" అని ముగింపు. ఎడిషనల్ షీట్ ఎన్నిసార్లు అడిగితే అన్ని మార్కులన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. ప్రశ్న పద్యం గురించి. కాకర్‌మౌత్ గురించి అడిగిన ప్రశ్నపత్రం నేనింతవరకు చూడలేదు.

మొదటి వాక్యంలోనే మీ మాట చెప్పేయండి. "డాఫోడిల్స్ ఈజ్ ఎ బ్యూటిఫుల్ పోయెమ్" అంటే ఎవరూ కాదనరు. ఎవరూ కాదనని మాటను నిరూపించాల్సిన అవసరమూ లేదు, కాబట్టి రెండో వాక్యం పుట్టదు. "ద పోయెమ్ టర్న్స్ లోన్లీనెస్ ఇంటూ ఎ ప్లెజర్" అన్నారనుకోండి, చదివేవాడు "ఎక్కడ?" అంటాడు. అప్పుడు మీకు పని దొరికింది. క్రియల కాలం మారిన సంగతి చూపిస్తారు, సాలిట్యూడ్ పక్కన బ్లిస్ ఉండటం చూపిస్తారు.

కోట్ చేసేటప్పుడు నాలుగు పాదాలు ఎత్తిరాయకండి. రెండు మూడు మాటలు మీ వాక్యంలోకి ఇమిడేలా తీసుకోండి. కోట్ తర్వాత కనీసం రెండు వాక్యాలు మీవి ఉండాలి. కోట్ చేసి వెంటనే పేరా ముగించేస్తే సాక్షిని బోనెక్కించి ఒక్క ప్రశ్నా వేయకుండా దింపేసినట్టే.

గట్టిగా తెలిసిన చోట షోస్ అనండి, మీ ఊహ అయిన చోట సజెస్ట్స్, సీమ్స్, మే అనండి. "ఆల్వేస్", "ఎవ్రీబడీ నోస్" కొట్టేయండి. పద్యంలో జరిగేది వర్తమానంలో రాయాలి: ద స్పీకర్ సీస్. కవి జీవితంలో జరిగింది భూతకాలంలో: వర్డ్స్‌వర్త్ రివైజ్డ్ ద పోయెమ్ ఇన్ 1815. పద్యంలో "నేను" అన్నవాడిని కవి పేరుతో పిలవకుండా స్పీకర్ అనడం అలవాటు చేసుకోండి. చెల్లెలి సంగతి తెలిశాక ఎందుకో మీకే తెలుసు.

ఇంగ్లీష్ అంతా తప్పుల్లేకుండా ఒకేసారి రాయాలని చూస్తే చెయ్యి ఆడదు. ముందు రాసేయండి. తర్వాత ఒక్కో తప్పు కోసం ఒక్కోసారి చదవండి. తెలుగువాళ్లం చేసే తప్పులు చాలామటుకు ఒకే చోట్ల ఉంటాయి. ఒకసారి ఆర్టికల్స్ కోసమే చదవండి, మన భాషలో అవి లేవు కాబట్టి కన్ను వాటిని దాటేస్తుంది. ఇంకోసారి ఆల్దో అని మొదలైన వాక్యాల మధ్యలో బట్ దూరిందేమో చూడండి. "అయినప్పటికీ... కానీ" అని రాసే అలవాటు మనల్ని వదలదు. డిస్కస్ అబౌట్‌లో అబౌట్ తీసేయండి. వన్ ఆఫ్ ద తర్వాత పోయెమ్ కాదు, పోయెమ్స్. వాక్యం నాలుగు లైన్లు దాటితే దాన్ని రెండుగా విరవండి. "వెళ్లి, చూసి, ఆగి, ఆలోచించి, రాశాడు" అని తెలుగులో అసమాపక క్రియలతో ఎంత దూరమైనా పోవచ్చు. ఇంగ్లీష్‌లో అలా పోతే కామాలు మిగులుతాయి, వాక్యం మిగలదు.

సిద్ధంగా దొరికే వాక్య నిర్మాణాలు కావాలంటే మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ చూడండి, ఉచితం. పోలిక చెప్పడానికి, ఒప్పుకోకపోవడానికి, జాగ్రత్తగా మాట్లాడటానికి విడివిడిగా వాక్యాలు ఉంటాయి. అవి అందరివీ కాబట్టి వాడుకుంటే కాపీ కాదు.

కాపీ సంగతి వచ్చింది కాబట్టి: పీజీలోకి, ఆపైన రీసెర్చ్‌లోకి వెళ్లేవాళ్లకు 2018 నాటి యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. ఇతరుల రాతతో పది శాతం లోపు పోలికలకు శిక్ష లేదు. ఆపైన 40 శాతం దాకా ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సొంత మాటల్లో రాయడానికి నేను చెప్పే దారి ఒకటే. వ్యాసం మూసేయండి. అందులో ఏముందో పక్కవాళ్లకు తెలుగులో చెప్పండి. చెప్పగలిగితేనే ఇంగ్లీష్‌లో రాయండి. వ్యాసం ఎదురుగా పెట్టుకుని ఒక్కో పదం మార్చుకుంటూ పోతే అది మీ వాక్యమూ కాదు, వాళ్లదీ కాకుండా పోతుంది. పద్యం నుంచి తీసుకున్న మాటలకు ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో పేజీ నంబరు కాదు, పాదం నంబరు వేయాలి. పాదం మారిన చోట ఏటవాలు గీత.

ఏఐ యాప్‌లు ఎస్సే రాసిచ్చేస్తున్నాయి, తెలుసు. వాడొద్దంటే వినరు, కాబట్టి ఎలా వాడాలో చెబుతాను. ముందు మీ పేరా మీరు రాయండి. తర్వాత "తప్పులు దిద్దకు, ఎక్కడున్నాయో చూపించు చాలు" అని అడగండి. దిద్దడం మీరు చేయండి. అది చెప్పిన కోట్‌లు, పుస్తకాల పేర్లు మాత్రం ఒరిజినల్‌లో చూసుకోకుండా వాడకండి. లేని పుస్తకాల పేర్లు కూడా అంతే ధీమాగా చెబుతుంది.

ఇలా లోతుగా చదివి రాసే ఒక్కో పేజీకి వారం ఇవ్వండి. మొదటి రెండు రోజులు చదవడం, మధ్యలో పదాలు, శుక్రవారానికి పేరా. శనివారం మీ పేరా ఇంకొకరికిచ్చి, వాళ్లది మీరు తీసుకోండి. స్పెల్లింగులు దిద్దుకోవద్దు. "ఇందులో నేను చెప్పదలచుకున్నదేంటి?" అని మాత్రం అడగండి. వాళ్లు ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించగలిగితే వచ్చే వారం ఇంకో పేజీకి వెళ్లొచ్చు. ఈసారి వచనం తీసుకోండి, ఒక కథలో మొదటి పేజీ. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక వాళ్లు మీ మొహం చూస్తే, మిగతా పేరా అలాగే ఉంచి మొదటి వాక్యం ఒక్కటీ మళ్లీ రాయండి.